మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా: యుద్ధరంగం నుంచి విప్లవం దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా పుస్తకాల్లో మొదటి ప్రపంచ యుద్ధం ఒక అధ్యాయం, రష్యా విప్లవం ఇంకో అధ్యాయం. రెండూ విడివిడిగా చదివినవాళ్లకు ఎప్పుడూ అవే సందేహాలు వస్తాయి: అంత సైన్యం ఉన్న రష్యా చక్రవర్తి జార్ వారం రోజుల్లో ఎలా పడిపోయాడు? జార్ పోయాక కూడా యుద్ధం ఎందుకు ఆగలేదు? గ్రూప్స్‌కి చదివేవాళ్లూ, చరిత్ర మీద ఇష్టంతో చదివేవాళ్లూ పదేపదే అడుగుతున్నవి కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. నా దృష్టిలో ఇది ఒకటే కథ. 1917లో రాజధాని పెట్రోగ్రాడ్‌లో గద్దె ఎక్కిన ప్రతివాడి తలరాతా ఒక్క ప్రశ్న మీదే ఆధారపడింది: యుద్ధం కొనసాగించాలా, వద్దా?

తేదీలన్నీ ఇప్పుడు మనం వాడే క్యాలెండర్ ప్రకారం ఇచ్చాను.

## 1914: యుద్ధంలోకి

ఫిబ్రవరి విప్లవం మార్చిలో జరిగిందంటారు, అక్టోబర్ విప్లవం నవంబర్‌లో అంటారు. ఏది కరెక్టు?

రెండూ కరెక్టే. అప్పట్లో రష్యా జూలియన్ క్యాలెండర్ వాడేది. అది మన క్యాలెండర్ కంటే 13 రోజులు వెనక ఉండేది. అందుకే మనకు 1917 మార్చి 8 అయితే వాళ్లకు ఫిబ్రవరి 23, మనకు నవంబర్ 7 అయితే వాళ్లకు అక్టోబర్ 25. అక్టోబర్ విప్లవంతో అధికారంలోకి వచ్చిన బోల్షివిక్ (లెనిన్ నాయకత్వంలోని కమ్యూనిస్టు) ప్రభుత్వం 1918లో క్యాలెండర్ మార్చింది. ఆ ఏడాది రష్యాలో జనవరి 31 తర్వాత నేరుగా ఫిబ్రవరి 14 వచ్చింది.

రష్యా సిద్ధంగా లేదు కదా, మరి యుద్ధంలోకి ఎందుకు దిగింది?

1914 జులై 28న ఆస్ట్రియా-హంగరీ సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకున్నప్పుడు రష్యా ఏమీ చేయలేక ఊరుకుంది. మళ్లీ అలాగే ఊరుకుంటే బాల్కన్లలో ఇక తన మాట ఎవరూ వినరన్న భయం రష్యా పాలకులది. ఒక్క ఆస్ట్రియా సరిహద్దుకే సైన్యాన్ని సమీకరించాలని జార్ రెండో నికొలాస్ అనుకున్నాడు. కానీ సైన్యం దగ్గర అలాంటి ప్రణాళికే సరిగా లేదు. మొత్తం దేశాన్ని కదిలించాలి, లేదా మానుకోవాలి. జులై 30న పూర్తి సమీకరణకు ఆదేశం వెళ్లింది, ఆగస్టు 1న జర్మనీ యుద్ధం ప్రకటించింది.

హెచ్చరించినవాళ్లు లేకపోలేదు. మాజీ హోం మంత్రి ప్యోత్ర్ దుర్నొవో 1914 ఫిబ్రవరిలోనే జార్‌కు ఒక నివేదిక ఇచ్చాడు. జర్మనీతో యుద్ధం వస్తే భారమంతా రష్యా మీదే పడుతుందనీ, ఓడిపోతే సామాజిక విప్లవం తప్పదనీ అందులో రాశాడు. ఆయన ఉదారవాది కాడు, పక్కా రాచరికవాది. ఈ కథంతటిలో నన్ను ఎక్కువగా కలచివేసే కాగితం అదే.

టానెన్‌బర్గ్‌లో అంత పెద్ద రష్యన్ సైన్యం ఎలా చిక్కుకుపోయింది?

జర్మనీ లెక్క ప్రకారం రష్యా సైన్యం సరిహద్దుకు చేరడానికి వారాలు పడుతుంది, ఈలోగా ఫ్రాన్స్‌ను ఓడించి తూర్పుకు తిరగొచ్చు. ఆ లెక్కను చెడగొట్టమని ఫ్రాన్స్ రష్యాను వేడుకుంది. సరఫరాలు పూర్తిగా అందకముందే రెండు రష్యన్ సైన్యాలు తూర్పు ప్రష్యాలోకి వెళ్లాయి. ఉత్తరాన రెన్నెన్‌కాంఫ్, దక్షిణాన సామ్సొనోవ్, మధ్యలో మసూరియా సరస్సులు. ఒకరికి ఒకరు అందే దూరంలో లేరు. రేడియో సందేశాలు చాలావరకు సంకేత భాషలో కాకుండా మామూలుగానే పంపారు, జర్మన్లు విన్నారు. రెన్నెన్‌కాంఫ్ ఇప్పట్లో కదలడని తేలాక, హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్‌ల నాయకత్వంలో సైన్యాన్ని రైళ్లలో దక్షిణానికి తరలించి ఆగస్టు చివరి వారంలో సామ్సొనోవ్‌ను చుట్టుముట్టారు. 90 వేల మందికి పైగా బందీలయ్యారు. సామ్సొనోవ్ తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు.

అయితే జర్మనీ కంగారుపడి పశ్చిమం నుంచి రెండు కోర్‌లను (పెద్ద సైనిక విభాగాలను) తూర్పుకు పంపింది. అవి వచ్చేసరికి టానెన్‌బర్గ్ ముగిసింది, ఫ్రాన్స్‌లో మార్న్ నది దగ్గర మాత్రం వాటి లోటు జర్మనీకి తెలిసొచ్చింది. పారిస్ నిలబడటంలో సామ్సొనోవ్ సైనికుల వంతు కూడా ఉంది. ఆ మాట ఫ్రెంచ్ విజయాల గురించి రాసేచోట అరుదుగా కనిపిస్తుంది.

అంటే రష్యా మొదటి నుంచీ ఓడిపోతూనే ఉందా?

కాదు. అదే సమయంలో గలీషియాలో ఆస్ట్రియా సైన్యాన్ని చిత్తుగా ఓడించింది. 1914 సెప్టెంబర్‌లో లెంబర్గ్, అంటే నేటి ల్వివ్, రష్యా చేతికొచ్చింది. 1915 మార్చిలో ప్షెమిసిల్ కోట లొంగిపోయినప్పుడు లక్ష మందికి పైగా పట్టుబడ్డారు. జర్మనీ ముందు ఓటమి, ఆస్ట్రియా, టర్కీల ముందు గెలుపు: 1917 దాకా చాలావరకు ఇదే తీరు.

ఈ యుద్ధం మన మద్రాసు దాకా వచ్చిందట, నిజమేనా?

నిజమే. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు రేవు దగ్గరున్న చమురు ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది. భయంతో జనం పట్నం వదిలి వెళ్లిపోయారు. అదే ఎమ్డెన్ అక్టోబర్ 28న పెనాంగ్ రేవులో జెమ్‌చుగ్ అనే రష్యన్ యుద్ధనౌకను ముంచేసింది. నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దాని ఆట కట్టించింది.

## 1915–16: వెనకడుగు, ఒక గొప్ప దాడి

1915లో ఏం జరిగింది?

మే 2న గోర్లిట్సె-టార్నూవ్ దగ్గర జర్మన్ సేనాని మాకెన్‌సెన్ భారీ ఫిరంగులతో రష్యా వరసను చీల్చేశాడు. రష్యా ఫిరంగులకు గుళ్లు లేవు. కొత్తగా వచ్చిన సైనికుల్లో చాలామందికి తుపాకులే లేవు, ముందున్నవాడు పడిపోతే అతని తుపాకీ తీసుకోవాలి. ఆగస్టులో వార్సా పోయింది. సెప్టెంబర్ కల్లా పోలండ్, లిథువేనియా శత్రువు చేతిలో ఉన్నాయి. వెనక్కి వస్తూ సైన్యం పంటలు తగలబెట్టింది, లక్షలాది జనాన్ని, ముఖ్యంగా యూదుల్ని, ఇళ్ల నుంచి తరిమేసింది. ఆ శరణార్థులు లోపలి నగరాలకు చేరారు. దాంతో ఓటమి అందరి కళ్లకూ కనిపించింది.

జార్ స్వయంగా సర్వసేనాని అయితే అందులో తప్పేముంది? రాజు సైన్యంతో ఉండటం మంచిదే కదా?

మనసులో ఉద్దేశం మంచిదే. 1915 సెప్టెంబర్‌లో నికొలాస్ తన బంధువు గ్రాండ్ డ్యూక్ నికొలాయ్‌ను తప్పించి ఆ బాధ్యత తీసుకున్నాడు. వద్దని పలువురు మంత్రులు ఉత్తరం రాసి సంతకాలు పెట్టారు, వినలేదు. యుద్ధ వ్యూహం పరంగా పెద్ద నష్టం జరగలేదు. అసలు పని చీఫ్ ఆఫ్ స్టాఫ్ అలెక్సేయెవ్ చూసుకునేవాడు, ఆయన సమర్థుడే.

నష్టం రాజకీయంగా జరిగింది, రెండు రకాలుగా. ఒకటి, అప్పటిదాకా ఓటమికి ఎవరో ఒక సేనాని బాధ్యుడు, ఇకమీదట ప్రతి ఓటమీ జార్ ఖాతాలోనే. రెండు, జార్ మొగిల్యోవ్‌లోని ప్రధాన స్థావరంలో కూర్చుంటే రాజధానిలో మహారాణి అలెగ్జాండ్రా మాటే చెల్లింది. ఆమె పుట్టుకతో జర్మన్. యుద్ధ సమయంలో పుకార్లకు అంతకంటే ఏం కావాలి? ఏడాదిన్నర తిరక్కముందే ప్రధానులు వరసగా మారారు: గొరెమికిన్, స్ట్యూర్మర్, ట్రెపోవ్, గొలిట్సిన్. ఏ మంత్రికీ తన శాఖ అర్థమయ్యేంత సమయం దొరకలేదు. 1916 నవంబర్‌లో డ్యూమాలో (రష్యా పార్లమెంటులో) ఉదారవాద నాయకుడు మిల్యుకోవ్ ప్రభుత్వ తప్పులన్నీ ఏకరువు పెడుతూ, ఇది తెలివితక్కువతనమా, ద్రోహమా అని సభను అడిగాడు. ఆ ప్రసంగం ప్రతులు చేతులు మారుతూ కందకాల దాకా వెళ్లాయి.

బ్రుసిలోవ్ దాడి గెలుపా, ఓటమా?

యుద్ధరంగంలో గెలుపు, అదీ మామూలు గెలుపు కాదు. అప్పటిదాకా అన్ని దేశాల పద్ధతీ ఒకటే: ఒకచోట రోజుల తరబడి ఫిరంగులు పేల్చడం, తర్వాత అక్కడే దూకడం. ఎక్కడ దాడి జరుగుతుందో శత్రువుకు ముందే తెలిసిపోయేది. రష్యన్ సేనాని బ్రుసిలోవ్ తన కింది నాలుగు సైన్యాలనూ వేర్వేరు చోట్ల ఒకేసారి కదిలించాడు. కందకాలను శత్రువు వరసకు దగ్గరగా తవ్వించాడు, శత్రు కందకాల నమూనాలు కట్టి సైనికులకు తర్ఫీదు ఇప్పించాడు. ఫిరంగులు కొద్దిసేపే, కానీ గురిచూసి. 1916 జూన్ 4న మొదలైన ఈ దాడిలో ఆస్ట్రియా వరస కుప్పకూలింది, లక్షల్లో బందీలు దొరికారు. ఆస్ట్రియా ఇటలీలో తన దాడి ఆపుకోవాల్సి వచ్చింది, జర్మనీ పశ్చిమం నుంచి డివిజన్లను తూర్పుకు పంపింది.

కానీ ఉత్తరాన ఉన్న సేనాని ఎవెర్ట్ తన వంతు దాడిని వాయిదా వేస్తూ పోయాడు. ఒంటరైన బ్రుసిలోవ్ వేసవంతా కొట్టుకుంటూ ముందుకెళ్లాడు. రష్యా నష్టం కూడా లక్షల్లోనే. ఆగస్టులో రుమేనియా మిత్రరాజ్యాల (రష్యా, ఫ్రాన్స్, బ్రిటన్‌ల) వైపు చేరింది గానీ, డిసెంబర్ కల్లా దాని రాజధాని బుకారెస్ట్ శత్రువు వశమైంది. రష్యా కాపాడాల్సిన సరిహద్దు ఇంకా పొడవైంది. ఇంత గెలిచినా యుద్ధం ముగియలేదన్న నిరాశ ఓటమి కంటే ఎక్కువ కుంగదీసిందని నేను నమ్ముతాను.

రాస్‌పుటిన్ వల్లే రాజ్యం పోయిందా?

కాదు. అతను మహారాణి నమ్మిన సాధువు. మంత్రుల నియామకాల్లో అతని ప్రభావం కొంత ఉంది, రాజకుటుంబం పరువు అతని వల్ల బాగా దిగజారింది. 1916 డిసెంబర్ 30న రాచవర్గంవాళ్లే అతన్ని చంపేశారు. ఆ తర్వాత ఏమీ బాగుపడలేదు. రొట్టె దొరకలేదు, రైళ్లు కదలలేదు, యుద్ధం ఆగలేదు.

## 1917 మార్చి: జార్ పతనం

దేశంలో ధాన్యం ఉంటే పెట్రోగ్రాడ్‌లో రొట్టె ఎందుకు దొరకలేదు?

మంచి ప్రశ్న. టర్కీ జలసంధులు మూసేశాక రష్యా ధాన్యం ఎగుమతి దాదాపు ఆగిపోయింది. అంటే ధాన్యం దేశంలోనే ఉండాలి. కానీ ఫ్యాక్టరీలు యుద్ధ సామగ్రి తప్ప వేరే తయారు చేయడం లేదు. రైతు ధాన్యం అమ్మి ఏం కొనుక్కోవాలి? నాగలి లేదు, గుడ్డ లేదు, మేకులు లేవు. ప్రభుత్వం నోట్లు అచ్చేస్తూ పోయింది, రూబుల్ విలువ పడిపోయింది. ఖజానాకు నాలుగో వంతుకు పైగా ఆదాయం తెచ్చే వోడ్కా అమ్మకాన్ని 1914లో నిషేధించడంతో ఆ లోటు కూడా నోట్లతోనే పూడ్చారు. రైతు ధాన్యం దాచుకున్నాడు, పశువులకు పెట్టాడు. అమ్మిన ధాన్యమైనా నగరానికి చేరాలంటే రైళ్లు కావాలి, అవి సైన్యం అవసరాలకే సరిపోలేదు. పెట్రోగ్రాడ్ ధాన్యం పండే దక్షిణానికి చాలా దూరం. చలిలో గంటల తరబడి క్యూలో నిలబడింది ఎక్కువగా ఆడవాళ్లు. మార్చి 8న, మహిళా దినోత్సవం రోజున, మొదట వీధుల్లోకి వచ్చింది కూడా వాళ్లే.

1905 తిరుగుబాటులో జార్‌ను కాపాడిన సైన్యం 1917లో ఎందుకు ఎదురు తిరిగింది?

1905 నాటి పాత సైన్యం అప్పటికి చాలావరకు నేలపాలైంది. 1917లో పెట్రోగ్రాడ్‌లో లక్షన్నరకు పైగా సైనికులున్నారు. పేరుకు వాళ్లు గార్డ్స్ రెజిమెంట్లు, నిజానికి వాటి రిజర్వు బెటాలియన్లు: కొత్తగా పట్టుకొచ్చిన కుర్రాళ్లు, గాయాలు మాని మళ్లీ కందకాలకు వెళ్లాల్సినవాళ్లు, పెళ్లాం పిల్లలున్న నడివయసు రైతులు. కిక్కిరిసిన బారకుల్లో, చాలినంతమంది అధికారులు లేకుండా ఉంచారు. వీధిలో ఊరేగుతున్నవాళ్లు వాళ్లలాంటివాళ్లే.

మార్చి 11న కాల్చమని ఆదేశం వచ్చింది, కాల్చారు, జనం చనిపోయారు. ఆ రాత్రంతా బారకుల్లో చర్చ. మర్నాడు పొద్దున్నే వొలిన్‌స్కీ రెజిమెంట్ సైనికులు ఇక కాల్చబోమని తిరగబడ్డారు. సాయంత్రానికి నగరం వాళ్ల చేతిలో ఉంది. తిరగబడ్డ సైనికుడికి వెనక్కి దారి లేదు, విప్లవం ఓడితే ఉరే. అందుకే అంత వేగంగా పాకింది.

జార్‌ను దింపింది జనమా, సేనానులా?

ఇద్దరూ. రాజధాని జనం వల్ల పోయింది, కిరీటం సేనానుల వల్ల పోయింది. జార్ మొగిల్యోవ్ నుంచి రైల్లో బయల్దేరాడు. దారి మూసుకుపోవడంతో ప్స్కోవ్ చేరాడు. అలెక్సేయెవ్ అన్ని రంగాల సేనానులకూ టెలిగ్రాములు పంపి అభిప్రాయం అడిగాడు. అందరిదీ ఒకే మాట: గద్దె దిగండి, లేకపోతే యుద్ధం నడపలేం. జార్ సొంత బంధువు గ్రాండ్ డ్యూక్ నికొలాయ్ కూడా అదే అన్నాడు. మార్చి 15న నికొలాస్ తన పేరునా, జబ్బుపడ్డ కొడుకు పేరునా సింహాసనం వదులుకుని తమ్ముడు మిఖాయిల్‌కు అప్పగించాడు. మిఖాయిల్ మర్నాడే కాదన్నాడు. యుద్ధం గెలవడానికి రాచరికాన్ని వదులుకుందాం అనుకున్న సేనానులకు చివరికి రెండూ మిగల్లేదు.

జంట అధికారం అంటే ఏమిటి?

డ్యూమా నాయకులు ప్రిన్స్ ల్వోవ్ ప్రధానిగా తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటు చేశారు. కార్మికులు, సైనికులు ఎన్నుకున్న మండలి, పెట్రోగ్రాడ్ సోవియట్, అదే తౌరిడ్ భవనంలో ఇంకో వైపు కూర్చుంది. ప్రభుత్వానికి పదవులున్నాయి, సోవియట్‌కు సైనికులు, రైల్వే, టెలిగ్రాఫ్ కార్మికులు ఉన్నారు. మార్చి 14న సోవియట్ ఇచ్చిన మొదటి నంబరు ఉత్తర్వు ప్రకారం ప్రతి దళం కమిటీని ఎన్నుకోవాలి, ఆయుధాలు ఆ కమిటీ అదుపులో ఉండాలి, అధికారులు సైనికులను ‘నువ్వు’ అనకూడదు. ఉత్తర్వు రాజధాని దళాల కోసమే, కానీ కొద్ది రోజుల్లో యుద్ధరంగమంతా పాకింది.

## 1917 వేసవి: యుద్ధం ఆపని ప్రభుత్వం

జార్ పోయాక యుద్ధం వెంటనే ఎందుకు ఆపలేదు?

మిత్రరాజ్యాల అప్పులూ సరుకులూ లేకుండా దేశం నడవదు. విడిగా సంధి చేసుకుంటే గెలిచిన జర్మనీ రేపు రాచరికాన్ని మళ్లీ తెస్తుందన్న భయం సోవియట్‌లోని మితవాద సోషలిస్టులకూ ఉంది. పైగా విదేశాంగ మంత్రి మిల్యుకోవ్‌కు కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) మీద ఆశ చావలేదు. ఆయన మిత్రదేశాలకు పంపిన లేఖ మే నెలలో బయటపడగానే వీధులు మండిపడ్డాయి, ఆయనా, యుద్ధ మంత్రి గుచ్‌కోవ్ కూడా తప్పుకోవాల్సి వచ్చింది. ఒక ప్రభుత్వం యుద్ధం వల్ల చీలిపోవడం ఆ ఏడాది అది మొదటిసారి.

లెనిన్ జర్మన్ ఏజెంటా?

జర్మనీ దారి ఇచ్చింది, రష్యాలో యుద్ధ వ్యతిరేక ప్రచారానికి డబ్బూ ఖర్చుపెట్టింది. ఏప్రిల్ 16న లెనిన్ స్విట్జర్లాండ్ నుంచి జర్మనీ మీదుగా పెట్రోగ్రాడ్ చేరాడు. కానీ యుద్ధం మీద అతని మాట జర్మనీ చెప్పింది కాదు. 1915లో జిమ్మర్‌వాల్డ్ సమావేశంలోనూ అదే వాదించాడు, జర్మనీలో కూడా విప్లవం రావాలనే కోరుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు వాడుకున్నారు. ఏజెంటు కాబట్టే గెలిచాడు అనేవాళ్లు, కోట్లమంది రైతు సైనికులు శాంతీ భూమీ కోరుకుంటున్న సంగతి వదిలేస్తున్నారు.

సైన్యం అలసిపోయిందని తెలిసీ కెరెన్‌స్కీ జులైలో దాడి ఎందుకు చేయించాడు?

1917లో అందరం కలిసి దాడి చేద్దామని రష్యా అంతకుముందే మిత్రులకు మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంటేనే సంధి షరతుల మీద తమ మాట వింటారని కొత్త ప్రభుత్వం ఆశ. ఒక్క గెలుపుతో సైన్యంలో క్రమశిక్షణ తిరిగొస్తుందని కూడా అనుకున్నారు. యుద్ధ మంత్రి కెరెన్‌స్కీ గొప్ప వక్త. రంగం నుంచి రంగానికి తిరిగి ప్రసంగాలు చేశాడు, సైనికులు కన్నీళ్లు పెట్టుకుని చప్పట్లు కొట్టారు. ఆయన వెళ్లిపోగానే కమిటీలు కూర్చుని దాడి చేయాలా వద్దా అని ఓట్లు వేశాయి.

జులై 1న మొదలైన దాడిలో మొదటి రోజులు బాగానే గడిచాయి. ఈసారి ఫిరంగులకు గుళ్లు సమృద్ధిగా ఉన్నాయి. కోర్నిలోవ్ సైన్యం హాలిచ్, కలూష్ పట్టుకుంది. కానీ ముందు వరసవాళ్లు చనిపోయాక వెనక దళాలు కదలలేదు. జులై 19న జర్మన్లు ఎదురుదాడికి దిగగానే సైన్యం పారిపోయింది, టార్నొపోల్ పోయింది. అప్పటిదాకా గీత మీద నిలబడి కాపలా కాస్తున్న సైన్యం అది. రక్షణకు ఒప్పుకున్న సైనికుడిని దాడికి పంపి ఉన్నదీ పోగొట్టుకున్నారు. తాత్కాలిక ప్రభుత్వం చేసిన తప్పులన్నిటిలో ఇదే పెద్దదని నా అభిప్రాయం. ఆ వేసవే రైతు సైనికులు పొలాల పంపకం వేళకు ఊరు చేరాలని తుపాకీతో సహా రైలెక్కేయడం ఎక్కువైంది.

కోర్నిలోవ్ నిజంగా కుట్ర చేశాడా?

కొత్త సర్వసేనాని కోర్నిలోవ్‌కూ, ప్రధాని అయిన కెరెన్‌స్కీకీ మధ్య రాజధానికి నమ్మకమైన దళాలు పంపే విషయంపై మాటలు నడిచాయి. మధ్యవర్తి ఒకడు ఇద్దరి మాటలూ గందరగోళం చేశాడు. కోర్నిలోవ్ నియంత కావాలనుకుంటున్నాడని నమ్మి కెరెన్‌స్కీ అతన్ని తొలగించాడు, అతను ఒప్పుకోలేదు. సెప్టెంబర్ రెండో వారంలో అశ్వికదళం పెట్రోగ్రాడ్ వైపు కదిలింది. యుద్ధమే జరగలేదు. రైల్వే కార్మికులు పట్టాలు పీకేశారు, రైళ్లను దారి మళ్లించారు, సోవియట్ మనుషులు వెళ్లి సైనికులతో మాట్లాడి ఆపేశారు. నగర రక్షణ పేరుతో కార్మికులకు వేల తుపాకులు అందాయి. సేనానులకు కెరెన్‌స్కీ మీద, సైనికులకు సేనానుల మీద మిగిలిన కాస్త నమ్మకమూ పోయింది. నెల తిరక్కుండానే పెట్రోగ్రాడ్ సోవియట్‌కు బోల్షివిక్ నాయకుడు ట్రాట్‌స్కీ అధ్యక్షుడయ్యాడు.

## నవంబర్ 1917 – మార్చి 1918: అధికారం, సంధి

వింటర్ ప్యాలెస్ మీద పెద్ద యుద్ధం జరిగిందా?

లేదు. సెప్టెంబర్ 3న రీగా జర్మన్ల చేతికి పోయాక రాజధాని దళాలను యుద్ధరంగానికి పంపాలని ప్రభుత్వం అనుకుంది. వెళ్లడం ఇష్టంలేని దళాలు సోవియట్ సైనిక విప్లవ కమిటీ వైపు మొగ్గాయి. అసలు గెలుపు అక్కడే. నవంబర్ 7న వంతెనలు, స్టేషన్లు, టెలిగ్రాఫ్ కార్యాలయం పెద్దగా రక్తపాతం లేకుండానే చేతులు మారాయి. ప్రభుత్వం కూర్చున్న ప్యాలెస్‌కు కాపలాగా ఉన్నది కొద్దిమంది కేడెట్లు (సైనిక విద్యార్థులు), కొసాక్కులు, మహిళా బెటాలియన్‌లో ఒక భాగం. ఆరోరా నౌక పేల్చింది ఉత్త తూటా. అర్ధరాత్రి దాటాక మంత్రులను అరెస్టు చేశారు, అధికారం బోల్షివిక్కులదైంది. మాస్కోలో మాత్రం దాదాపు వారం రోజులు గట్టి పోరాటమే జరిగింది.

ఎన్నికలు జరిగాయి కదా, ఎవరు గెలిచారు?

రాజ్యాంగ సభ ఎన్నికల్లో రైతుల మద్దతున్న సోషలిస్టు రివల్యూషనరీలకు ఎక్కువ సీట్లు వచ్చాయి. బోల్షివిక్కులకు దాదాపు నాలుగో వంతు ఓట్లు పడ్డాయి, అయితే పెట్రోగ్రాడ్, మాస్కో, రాజధానికి దగ్గరి యుద్ధరంగాలు వాళ్లవే. సభ 1918 జనవరి 18న ఒక్కసారి కూర్చుంది, మర్నాడు రద్దయింది.

‘యుద్ధమూ లేదు, శాంతీ లేదు’ అంటే ఏమిటి? ట్రాట్‌స్కీ అలా ఎందుకన్నాడు?

డిసెంబర్ 15న కాల్పుల విరమణ కుదిరి, బ్రెస్ట్-లిటోవ్‌స్క్‌లో చర్చలు మొదలయ్యాయి. జర్మన్ షరతులు దారుణంగా ఉన్నాయి. బోల్షివిక్కుల్లోనే బుఖారిన్ వర్గం విప్లవ యుద్ధం చేద్దామంది. వెంటనే సంతకం పెడదామన్నాడు లెనిన్. సంతకం పెట్టం, యుద్ధమూ చేయం, సైన్యాన్ని ఇంటికి పంపేస్తాం, ఈలోగా జర్మనీలో కార్మికులు లేస్తారు అన్నది ట్రాట్‌స్కీ దారి. ఫిబ్రవరి 10న అదే ప్రకటించి వచ్చేశాడు. జర్మన్లు ఫిబ్రవరి 18న కదిలారు. ఎదురు నిలిచేవాళ్లు దాదాపు లేరు, చాలాచోట్ల రైలెక్కి స్టేషన్ తర్వాత స్టేషన్ పట్టుకుంటూ పోయారు. ఫిబ్రవరి 23న మరింత కఠినమైన షరతులు వచ్చాయి. ఒప్పుకోకపోతే రాజీనామా చేస్తానని లెనిన్ బెదిరించాక పార్టీ కేంద్ర కమిటీలో 7 ఓట్లు అనుకూలంగా, 4 వ్యతిరేకంగా పడ్డాయి, 4 తటస్థం.

బ్రెస్ట్-లిటోవ్‌స్క్ సంధితో రష్యా ఏం పోగొట్టుకుంది?

మార్చి 3న సంతకాలయ్యాయి. పోలండ్, లిథువేనియా, బాల్టిక్ ప్రాంతాలు, ఫిన్‌లాండ్, ఉక్రెయిన్, టర్కీ వైపున కార్స్, అర్దహాన్, బాతుమ్ చేజారాయి. జనాభాలో దాదాపు మూడో వంతు, బొగ్గు గనుల్లో అత్యధిక భాగం పోయాయి. జర్మన్లు దగ్గరికి రావడంతో అదే నెలలో రాజధాని మాస్కోకు మారింది. ప్రభుత్వంలో భాగస్వాములైన వామపక్ష సోషలిస్టు రివల్యూషనరీలు అలిగి బయటికొచ్చారు.

తూర్పున అంత గెలిచిన జర్మనీ ఎనిమిది నెలలకే ఎలా ఓడిపోయింది?

ఖాళీ అయిన డివిజన్లను పశ్చిమానికి తరలించి మార్చి 21న లూడెన్‌డార్ఫ్ పెద్ద దాడి మొదలుపెట్టాడు. మొదట బాగా ముందుకెళ్లాడు, కానీ అమెరికా సైనికులు దిగుతున్నారు, తన సైన్యంలో పోయినవాళ్ల స్థానంలో మనుషులు లేరు. ఇంకోవైపు ఉక్రెయిన్ ధాన్యం కోసం, గెలిచిన భూముల కాపలా కోసం లక్షలాది మందిని తూర్పునే ఉంచాల్సి వచ్చింది. ఆశించినంత ధాన్యమూ రాలేదు. ఆగస్టు 8న ఆమియాన్ దగ్గర దెబ్బ తగిలాక కోలుకోలేదు. నవంబర్ మొదట్లో కీల్‌లో నావికులు తిరగబడ్డారు, 9న జర్మనీ చక్రవర్తి కైజర్ గద్దె దిగాడు, 11న కాల్పులు ఆగాయి. రెండు రోజులకే, నవంబర్ 13న, సోవియట్ ప్రభుత్వం బ్రెస్ట్-లిటోవ్‌స్క్ సంధిని రద్దు చేసింది.